థార్ ఎడారి గుట్టలు, రాళ్ళు, చిన్న పట్టణాలు: ఫోటోలు ఎలా తీయాలి?

ఏకశిల (హనుమకొండ):

మిత్రులందరికీ నమస్కారం. ఈ డిసెంబరులో జోధ్‌పూర్, బార్మేర్, జైసల్మేర్ వైపు వెళ్ళి ఫోటోలు తీయాలనుకుంటున్నాను. రాజస్థాన్ ఎడారి అనగానే మనకు కనిపించే బొమ్మలు రెండు మూడు రకాలే: ఇసుక తిన్నె మీద ఒంటెల వరుస, పొద్దుగూకే వేళ ఎర్రటి ఆకాశం, పెద్ద తలపాగా చుట్టుకున్న ముసలాయన ముఖం. అవి బాగుండవని నేను అనను. అయితే థార్‌లో ఇసుకతో పాటు రాతి నేల కూడా విస్తారంగా ఉందని, అక్కడి పాత పట్టణాలు చాలావరకు ఆ రాతి మీదే, ఆ రాతితోనే కట్టుకున్నవని తెలిసినప్పటి నుంచి నా మనసు రాయి వైపే లాగుతోంది.

ఓరుగల్లు కోటలోని ఏకశిల గుట్టను, పద్మాక్షి గుట్టను, మడికొండ మెట్టుగుట్టను చాలాకాలంగా ఫోటోలు తీస్తున్నాను కాబట్టి గ్రానైట్ గుండ్ల మీద వెలుగు ఎలా పాకుతుందో కొంత తెలుసు. ఎడారి రాయి మీద వెలుగు వేరుగా ఉంటుందని పెద్దలు చెప్పగా విన్నాను. ఏ రాయిని ఏ పూట తీయాలి, కొండను వేరుగా, ఊరిని వేరుగా కాకుండా రెండూ ఒకటేనని తెలిసేలా ఎలా చూపించాలి అన్నది నా ప్రశ్న. కెమెరా కొనుగోలు గురించి కాదు, ఉన్నదానితోనే వెళ్తాను.

సింగరేణి శిల (గోదావరిఖని):

ఏకశిల గారూ, మంచి ప్రశ్న వేశారు. బొగ్గు గనుల అన్వేషణ విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాణ్ణి కాబట్టి రాళ్ళ సంగతి ముందుగా నేను చెప్తాను. వెలుగు సంగతి తెలిసినవాళ్ళు తర్వాత చెప్తారు.

మీరు అనుకున్న దారిలో ప్రధానంగా మూడు రాళ్ళు ఎదురవుతాయి. మొదటిది రయోలైట్ అనే అగ్నిపర్వత శిల. సుమారు 75 కోట్ల ఏళ్ళ కిందట పశ్చిమ రాజస్థాన్‌లో భారీ ఎత్తున అగ్నిపర్వతాలు పేలాయి. ఆ లావా, ఆ బూడిద గట్టిపడి ఏర్పడిన శిలలను మలానీ శిలాసముదాయం అంటారు. జోధ్‌పూర్ కోట గుట్ట, బార్మేర్ ఊరి వెనుక కొండలు ఈ కుటుంబానివే. రెండోది ఆ రయోలైట్ చల్లారి, అరిగి, కోట్ల ఏళ్ళు గడిచిన తర్వాత దాని మీద పేరుకున్న జోధ్‌పూర్ ఇసుకరాయి. మూడోది ఇంకా చాలా తర్వాతి కాలానిది, రాక్షసబల్లులు తిరిగిన జురాసిక్ కాలంలో సముద్రం ఇప్పటి జైసల్మేర్ దాకా వచ్చి నిలిచినప్పుడు ఏర్పడిన పసుపుపచ్చ సున్నపురాయి. జైసల్మేర్ కోటా, హవేలీలూ (పాతకాలపు పెద్ద భవంతులు), వీధులూ ఆ రాతివే.

మెహ్రాన్‌గఢ్ అనే జోధ్‌పూర్ కోటను రాజు రావ్ జోధా 1459లో కట్టించడం మొదలుపెట్టాడు. సందర్శకులు కోట ఎత్తు చూసి తలపైకెత్తి ఫోటో తీసుకుంటారు కానీ, గోడ మొదలైన చోట ఆగి రాతిని చూసేవాళ్ళు తక్కువ. ఆ గుట్ట దగ్గర రెండు జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలున్నాయి. ఒకటి, మండుతున్న బూడిద తన వేడికి తానే అతుక్కుపోయి రాయిగా మారిన పొర. రెండోది, మలానీ శిల మీద జోధ్‌పూర్ ఇసుకరాయి కూర్చున్న సరిహద్దు. కింద ముదురు గోధుమ, ఊదా కలిసిన రంగులో పగుళ్ళు పగుళ్ళుగా రయోలైట్, పైన లేత రంగు ఇసుకరాయి, ఆపైన అదే ఇసుకరాయితో మనిషి కట్టిన గోడ. ఈ మూడూ ఒకే చట్రంలోకి వచ్చే చోటు దొరికితే మీరడిగిన కొండ, ఊరు రెండూ అందులోనే ఉంటాయి.

మన ప్రాంతం వాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మన గ్రానైట్ పెద్ద పలుకులున్న రాయి. ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా ఊడి గుండ్రంగా తేలుతుంది. రయోలైట్ పలుకులు కంటికి ఆనవు. అది గుండ్రం కాదు, కోసుగా విరుగుతుంది. కొన్నిచోట్ల లావా చల్లారేటప్పుడు కుంచించుకుని నిలువు స్తంభాలుగా చీలింది. గుండు మీద వెలుగు మెల్లగా నీడలోకి జారుతుంది, కోసు రాయి మీద ఒక ముఖం పూర్తిగా వెలిగి పక్క ముఖం పూర్తిగా నల్లబడుతుంది. కాబట్టి ఏకశిల గుట్ట దగ్గర అలవాటైన కన్నును అక్కడ కొంత మార్చుకోవాలి.

నీడ–వెలుగు (కరీంనగర్):

సింగరేణి సార్ చెప్పిన చివరి మాట దగ్గర నుంచే నేను మొదలుపెడతాను. పెళ్ళిళ్ళ ఫోటోలు నా వృత్తి, గుట్టలు నా ఇష్టం.

ఎడారి ఫోటో అనగానే తెల్లవారిన గంట, పొద్దుగూకే గంట తప్ప మిగతా రోజంతా కెమెరా సంచిలో పెట్టుకోవాలని అందరూ చెప్తారు. డిసెంబరు థార్ విషయంలో ఈ సలహా సరైంది కాదని నా గట్టి అభిప్రాయం. లెక్క చూడండి. వరంగల్ దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, జైసల్మేర్ దాదాపు 27 డిగ్రీల మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో మనకు నడినెత్తి పొద్దు 48 డిగ్రీలు దాటి ఎక్కుతుంది, జైసల్మేర్‌లో 40 డిగ్రీలకు కూడా చేరదు. అంటే పట్టపగలు కూడా వెలుగు ఏటవాలుగానే పడుతుంది, రాతి మీది గరుకు, పొరలు, ఉలి దెబ్బలు నీడలతో స్పష్టంగా లేచి కనిపిస్తాయి. పైగా ఆ ఊరు మనకంటే బాగా పడమటన ఉండటం వల్ల అక్కడ సూర్యుడు నడిమికి వచ్చేసరికి గడియారంలో 12:40 అవుతుంది. తెల్లవారడం కూడా ఏడున్నర ప్రాంతంలోనే. మన అలవాటు ప్రకారం ఆరింటికి గుట్ట ఎక్కి కూర్చుంటే చలిలో చాలాసేపు చీకటిని చూస్తూ ఉండాలి.

ఇక రాయి వారీగా చెప్తాను. రయోలైట్ ముదురు రంగుది. కెమెరాను దాని ఇష్టానికి వదిలేస్తే చీకటిగా ఉందనుకుని ఎక్కువ వెలుగు తీసుకుంటుంది, ఆ ముదురు ఊదా గోధుమ రంగు కాస్తా వెలిసిన బూడిద రంగవుతుంది. సగం నుంచి ఒక స్టాప్ (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) తగ్గించి తీయాలి. జైసల్మేర్ సున్నపురాయి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఎండలో అది మెరుస్తుంది, కెమెరా భయపడి వెలుగు తగ్గిస్తుంది, పసుపుపచ్చ రాయి మట్టిరంగులోకి దిగిపోతుంది. అక్కడ కొంచెం పెంచాలి, హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) కుడి అంచును తాకకుండా చూసుకుంటూ.

వైట్ బ్యాలెన్స్‌ను మాత్రం ఆటోలో ఉంచకండి. చట్రం నిండా పసుపు రాయే ఉంటే ఆటో దాన్ని తప్పుగా భావించి నీలం కలిపి సరిచేయబోతుంది. పగటి వెలుగు గుర్తు మీద, అంటే 5,200 నుంచి 5,500 కెల్విన్ మధ్య ఒకచోట నిలిపేసి, రా ఫైల్‌లో (కెమెరా తన సవరణలు చేయని ఫైల్) తీసుకోండి. అప్పుడే పొద్దున తీసిన గోడకూ మధ్యాహ్నం తీసిన గోడకూ ఉన్న తేడా నిజమైన తేడాగా మిగులుతుంది. సాయంత్రం చివరి వెలుగులో జైసల్మేర్ బంగారంలా ఉంటుందన్న మాట నిజమే. కానీ ఆ వెలుగులో మన గవిచర్ల ఇటుక బట్టీ అయినా బంగారంలాగే ఉంటుంది. రాతి సొంత రంగు ఉదయం తొమ్మిది, పది గంటలకు తెలుస్తుంది.

జోధ్‌పూర్ నీలి ఇళ్ళ గురించి ఒక్క మాట. నీలం కలిపిన సున్నం వేసిన గోడ మీద నేరుగా పచ్చని ఎండ పడితే ఆ నీలం చచ్చిపోతుంది. నీడలో ఉన్న గోడకు ఆకాశపు వెలుగు మాత్రమే అందుతుంది, అప్పుడు నీలం నిండుగా కనిపిస్తుంది. పొద్దుటి పూట కోట గుట్ట నీడ పడమటి వైపు ఇళ్ళ మీద పడి ఉన్నప్పుడు, పైన ఎండ తగిలిన రాతి గోడ, కింద నీడలో నీలి ఊరు రెండూ ఒకేసారి దొరుకుతాయి. వెలుగు తేడా ఎక్కువ కాబట్టి రెండు మూడు ఎక్స్‌పోజర్లు తీసి పెట్టుకోండి.

తెల్లవారుజాము (వరంగల్):

అన్నలు చెప్పినవన్నీ విలువైనవే. అయితే ఈ చర్చలో ఇసుకను చిన్నచూపు చూస్తున్నట్టు అనిపించి రాస్తున్నాను. ఇసుక కూడా భూవిజ్ఞానమే. థార్ ఇసుకలో చాలా భాగం సింధు నది తెచ్చిన ఒండ్రు నుంచి, నైరుతి గాలులు మోసుకొచ్చి పోసినది. కొండ అరిగి నదిలో కలిసి, నది ఎండి గాలికి ఎగిరి, మళ్ళీ తిన్నెగా నిలబడటం కంటే పెద్ద కథ రాతి గోడలో ఏముంటుంది? మెహ్రాన్‌గఢ్ కింది ఇసుకరాయి పొరల్లో ఏటవాలు గీతలు కనిపిస్తాయి. నీళ్ళో గాలో ఇసుకను ముందుకు నెడుతూ పేర్చిన గుర్తులవి. ఈనాటి తిన్నెను తీయకుండా ఆ గీతలను మాత్రమే తీస్తే చూసేవారికి సగమే అర్థమవుతుందని నా అభిప్రాయం.

సింగరేణి శిల (గోదావరిఖని):

తమ్ముడు చెప్పింది న్యాయమైన మాట, నేను ఒప్పుకుంటున్నాను. ఒక చేర్పు మాత్రం చేస్తాను. థార్‌లో చాలా తిన్నెలు గుర్రపు నాడా ఆకారంలో ఉండి, వాటి రెండు చేతులూ గాలి వచ్చే వైపు, అంటే నైరుతి వైపు చాచుకుని ఉంటాయి. చేతుల మీద చెట్టూ చేమా పెరిగి ఇసుక ఆగిపోతుంది, మధ్య భాగం మాత్రం గాలికి ముందుకు సాగుతుంది. గాలి పని ఎక్కువగా వేసవిలోనే. డిసెంబరులో గాలి మందంగా ఉంటుంది కాబట్టి జైసల్మేర్ దగ్గరి సమ్ తిన్నెల మీద సందర్శకుల అడుగులు, జీపు చక్రాల జాడలు రోజుల తరబడి చెదరకుండా ఉంటాయి. శుభ్రమైన అలల గీతలు కావాలంటే జైసల్మేర్‌కు దక్షిణాన ఉన్న ఖుడీ వైపు, ఊరికి దూరంగా నడవాలి. అలల గీతలను మాత్రం పొద్దున మొదటి వెలుగులోనే తీయాలి. గీత ఎత్తు వేలి మందం కూడా ఉండదు. పొద్దు కాస్త ఎక్కితే నీడ మాయమై ఇసుక చదునుగా కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం పాత సలహాయే సరైనది.

బండరాయి (కరీంనగర్):

గ్రానైట్ క్వారీలో, కటింగ్ మిషన్ల దగ్గర పనిచేసిన అనుభవంతో ఒక మాట చెప్తాను. రాతిని చూసేవాళ్ళు రంగు చూస్తారు, రాతి పని తెలిసినవాళ్ళు అతుకు చూస్తారు.

జైసల్మేర్‌లో రాయికి గాడి కొట్టి ఇంకో రాయిని అందులో బిగించిన పని కనిపిస్తుంది. కోట కింది గోడల్లో సున్నం లేకుండా పేర్చిన వరుసలున్నాయి. 1805 ప్రాంతంలో మొదలైన పట్వాల హవేలీలో కిటికీ జాలీని దగ్గరి నుంచి చూస్తే ఉలి ఎంత లోతుకు పోయిందో, రాయి ఎక్కడ పట్టు తప్పుతుందని పనివాడు ఆగాడో తెలుస్తుంది. మన కరీంనగర్ గ్రానైట్‌లో అలాంటి జాలీ తీయాలంటే వజ్రపు బ్లేడు కావాలి. సున్నపురాయి మెత్తన కాబట్టి చేతి ఉలికే లొంగింది. రామప్పలో నల్ల డోలరైట్ మీద అంత నునుపు తెచ్చిన కాకతీయ శిల్పుల పని వేరు, ఇది వేరు. రాయి ఒప్పుకున్న పనే మనిషి చేయగలుగుతాడు. కాబట్టి ఏకశిల గారూ, హవేలీ మొత్తాన్ని తీసిన తర్వాత ఒక్క కిటికీ మూలను, ఒక్క అతుకును దగ్గరి లెన్స్‌తో తీయండి.

అదే గోడల్లో కొన్ని పలకల మీద చిన్న చిన్న అర్ధచంద్రాకారపు గీతలు కనిపిస్తాయి. అవి ఉలి గుర్తులు కావు, గవ్వలు. జురాసిక్ సముద్రంలో బతికిన గవ్వలు అడ్డంగా కోతకు గురై అలా బయటపడతాయి. గోడను గుడ్డతో తుడవకండి, నీళ్ళు చల్లకండి. గోడకు సమాంతరంగా వెలుగు పడే వేళ వెళ్తే చాలు. జైసల్మేర్‌కు వాయవ్యాన ఉన్న హాబూర్ ఊరి రాయిలో గవ్వలు ఇంకా దట్టంగా, ఎరుపు గోధుమ రంగు మీద పసుపు మచ్చలుగా ఉంటాయి. ఆ రాతితో చేసిన గిన్నెలో పాలు పోస్తే తోడుకుంటాయని అక్కడివారి నమ్మకం. గిన్నెలు చెక్కే చోట కూర్చుని తీసుకోవడానికి అనుమతిస్తే మీ అదృష్టం.

ఇంకొక విషయం బాధతో రాస్తున్నాను. జైసల్మేర్ కోట 1156 నాటిది, 2013లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, ఇప్పటికీ లోపల జనం కాపురముంటున్నారు. వాన తక్కువ పడే ఊరిలో, బిందెలతో నీళ్ళు మోసుకునే కాలానికి కట్టిన కోట అది. గొట్టాల నీళ్ళు వచ్చాక, వసతి గృహాలు పెరిగాక, వాడిన నీరంతా గుట్ట లోపలి మెత్తని పొరల్లోకి ఇంకి పునాదులు కదిలాయి, కొన్ని బురుజులు కూలాయి. గోడ అడుగున తడి చారలు, ఉప్పు పొంగి తెల్లగా పూసిన పొరలు కనిపిస్తే వాటిని కూడా తీయండి. అందమైన ఫోటోల్లో ఎవరూ వాటిని చూపించరు. రాతి ఊరి కథలో అవి లేకపోతే ఆ కథ పూర్తికాదు.

చెరువుకట్ట (జగిత్యాల):

నమస్కారం. డిగ్రీ కళాశాలలో భూగోళశాస్త్రం చెప్తాను. బండరాయి అన్న నీళ్ళ మాట ఎత్తారు కాబట్టి ఆ దారిలోనే కొంత ముందుకు వెళ్తాను, ఎందుకంటే ఎడారి పట్టణాలను అర్థం చేసుకోవడానికి రాయి తర్వాత నీళ్ళే ముఖ్యం.

వరంగల్‌లో ఏడాదికి దాదాపు 1,000 మి.మీ. వాన పడుతుంది. జైసల్మేర్‌లో 200 మి.మీ. అటూ ఇటూ. అయినా అక్కడ శతాబ్దాలుగా గోధుమ, శనగ పండించారు. దానికి కారణం ఖడీన్. చుట్టూ ఉన్న రాతి నేల మీద పడిన వాన ఇంకదు, జారిపోతుంది. ఆ నీరు దిగి వచ్చే పల్లంలో పొడవాటి మట్టికట్ట వేస్తారు. నీరు కట్ట వెనుక నిలిచి నేలలోకి ఇంకుతుంది, తేమ మిగిలిన ఆ నేలలోనే చలికాలపు పంట వేస్తారు. పాలీవాల్ బ్రాహ్మణులు 15వ శతాబ్దం నుంచి జైసల్మేర్ ప్రాంతంలో ఈ పద్ధతిని పెంచారు. మన కాకతీయులు రామప్ప, పాకాల, లక్నవరం చెరువులను గుట్టల మధ్య సందుకు కట్ట వేసి ఎలా నిలబెట్టారో, ఖడీన్ కూడా నేల వాలును చదివి కట్టినదే. తేడా ఏమిటంటే, మనం నీటిని నిల్వ చేసి కాలువలో వదులుతాం, వాళ్ళు నీటిని నేలకే తాగించి ఆ నేలనే దున్నుతారు. ఏకశిల గారు డిసెంబరులో వెళ్తున్నారు కాబట్టి పంట పచ్చగా ఉండే సమయం అదే. పసుపు రాతి వాలు, మట్టికట్ట, కట్ట లోపలి పచ్చదనం, ఈ మూడింటినీ కాస్త ఎత్తు నుంచి తీస్తే ఎడారిలో ఊరు ఎందుకు పుట్టిందో ఆ ఒక్క ఫోటో చెప్తుంది. డ్రోన్ అవసరం లేదు. సరిహద్దు జిల్లా కాబట్టి అనుమతి లేకుండా దాన్ని తీసుకెళ్ళకపోవడమే మంచిది.

కుల్‌ధరా గురించి ఒక విన్నపం. జైసల్మేర్‌కు పడమట ఉన్న ఆ పాలీవాల్ గ్రామం ఇప్పుడు ఖాళీగా ఉంది. దయ్యాల ఊరని ప్రచారం చేసి రాత్రిపూట దీపాలు పెట్టి తీసిన ఫోటోలే ఎక్కువగా తిరుగుతున్నాయి. ఆ ఊళ్ళో చూడవలసింది వేరే ఉంది: తిన్నని వీధులు, ఒకే కొలతకు చెక్కిన రాతి గోడలు, ఇంటింటికీ ముంగిలి. మంచి ప్రణాళికతో బతికిన ఊరిని భయానికి నేపథ్యంగా వాడటం ఆ మనుషులకు అన్యాయం చేయడమే.

ఇక మనుషుల ఫోటోలు. బార్మేర్, పోఖరణ్ వంటి ఊళ్ళలో సందర్శకుల తాకిడి తక్కువ. ముసుగు వేసుకున్న ఆడవాళ్ళను దూరం నుంచి టెలీ లెన్స్‌తో తీయడం సరైన పని కాదు. మన ఊరి బతుకమ్మ ఆటలో బయటివాడు చెట్టు చాటు నుంచి మన ఆడపిల్లలను తీస్తే మనకెలా ఉంటుందో అక్కడా అంతే. గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళకు నమస్కారం పెట్టి, కెమెరా కిందికి దించి, రెండు మాటలు హిందీలో మాట్లాడి, ఇంటి గోడ రాయి ఎక్కడిదని అడగండి. రాయి గురించి అడిగితే చాలామంది సంతోషంగా చెప్తారు, ఏ క్వారీలో తీశారో, తాతల కాలంలో ఎవరు చెక్కారో చూపిస్తారు. ఆ తర్వాత ఫోటో అడిగితే ఇచ్చేవాళ్ళు ఇస్తారు, ఇవ్వనివాళ్ళను వదిలేయాలి.

నీడ–వెలుగు (కరీంనగర్):

అక్కా, మీరు చెప్పిన పద్ధతి వల్ల ఇంకో లాభం కూడా ఉంది. గోడ గురించి మాట్లాడుతూ తీసిన మనిషి ఫోటోలో ఆ మనిషి చెయ్యి గోడ మీదే ఉంటుంది. చెయ్యి రాతి పరిమాణాన్ని చెప్తుంది. రాళ్ళ ఫోటోల్లో పెద్ద లోపం కొలత తెలియకపోవడం. రాతి పొర అరచేయంత ఉందో, ఇల్లంత ఉందో చూసేవాడికి తెలియదు. మనిషో, మేకో, తలుపో, కనీసం లెన్స్ మూతో చట్రంలో ఒక మూల ఉండాలి.

సర్కారు తుమ్మ (భూపాలపల్లి):

మొక్కల మీద ఆసక్తితో ఒక చోటు సూచిస్తున్నాను. మెహ్రాన్‌గఢ్ కోటను ఆనుకుని రావ్ జోధా ఎడారి రాతి వనం ఉంది, దాదాపు 72 హెక్టార్లు. 2006లో దాని పని మొదలైనప్పుడు ఆ నేలంతా సర్కారు తుమ్మతో నిండి ఉంది. మన చెరువు శిఖాల్లో, రోడ్ల పక్కన మనకు బాగా తెలిసిన ముళ్ళ చెట్టే అది, అక్కడ కూడా బయటి నుంచి తెచ్చి వదిలిందే. దాని వేళ్ళు రయోలైట్ పగుళ్ళలోకి దిగిపోవడంతో పైన నరికితే మళ్ళీ చిగురించేది. చివరికి తరతరాలుగా రాయి కొట్టే ఖండ్‌వాలియా పనివాళ్ళను పిలిచి, ఉలీ సుత్తీ పట్టి, రాతి గుంతల్లోంచి ఒక్కొక్క వేరునూ తవ్వి తీయించారు. అవే గుంతల్లో రాతి నేలకు సహజమైన మొక్కలు నాటారు. రాతి పగులులో జెముడు జాతి మొక్క పెరిగిన దృశ్యాన్ని దగ్గరి నుంచి తీస్తే, పగులు ఎంత లోతుగా ఉందో, ఏ మేరకు నీడ ఇస్తుందో మొక్కే చూపిస్తుంది. రయోలైట్ స్తంభాలను కూడా ఆ వనం దారుల్లోనే తీరిగ్గా చూడవచ్చు, కోటలో జనం తోపులాట ఉండదు.

ఏకశిల (హనుమకొండ):

మీ అందరికీ నా కృతజ్ఞతలు. ఇవన్నీ చదివాక నా ప్రణాళికను మార్చుకుంటున్నాను. ఊరు ఊరికీ పరుగెత్తే బదులు జోధ్‌పూర్‌లో రయోలైట్, ఇసుకరాయి కలిసే చోట ఎక్కువ సమయం గడుపుతాను. జైసల్మేర్‌లో ఉదయం తొమ్మిది తర్వాత కోట గోడలు, ఒక పూట పూర్తిగా ఖడీన్ కోసం. సమ్ తిన్నెలను వదిలేసి ఖుడీకి వెళ్తాను. బార్మేర్‌ను ఉంచాలా, దాని బదులు జాలోర్ వెళ్ళాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

అకల్ శిలాజ వనం గురించి కూడా చెప్పండి. అక్కడ రాయిగా మారిన చెట్ల మొద్దుల మీద ఇనుప జాలీలు కట్టి, పైన రేకులు వేశారని ఫోటోల్లో చూశాను. జాలీ లోపలి మొద్దును ఎలా తీయాలి?

బండరాయి (కరీంనగర్):

జాలోర్ వెళ్ళమనే నేను చెప్తాను. అక్కడ గులాబీ రంగు గ్రానైట్ కొండ మీద కోట ఉంది, కింద ఊరిలో గ్రానైట్ కోసే, నునుపు పట్టే మిషన్ల కర్మాగారాలున్నాయి. కరీంనగర్ దారుల్లో లారీల మీద వెళ్ళే పెద్ద పెద్ద దిమ్మలను చూసి పెరిగిన మనకు ఆ ఊరు కొత్తగా అనిపించదు. కానీ ఎడారి వెలుగులో, చెట్లు లేని నేల మీద గ్రానైట్ ఎలా కనిపిస్తుందో మన గుట్టలతో పోల్చి చూడటానికి అంతకంటే మంచి చోటు లేదు. దుమ్ములో లెన్స్ మార్చవద్దు. ఆ దుమ్ము ఇసుక లాంటిది కాదు, పిండిలా సెన్సర్‌కు పట్టుకుంటుంది.

సింగరేణి శిల (గోదావరిఖని):

అకల్ గురించి నాకు చాలా ఇష్టంగా చెప్పాలని ఉంది. జైసల్మేర్ నుంచి బార్మేర్ దారిలో 17 కిలోమీటర్ల దూరంలో, 21 హెక్టార్ల బోడి నేల మీద దాదాపు 18 కోట్ల ఏళ్ళ నాటి మొద్దులు పడి ఉన్నాయి. 25 దాకా కనిపిస్తాయి, అన్నింటిలో పెద్దది 13 మీటర్లకు పైగా పొడవుంటుంది. చెట్టు కూలి, ఒండ్రులో పూడి, నీళ్ళలో కరిగిన సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) కణం కణంగా కలప చోటును ఆక్రమించడం వల్ల అవి రాయిగా నిలిచాయి. ఇప్పుడు ఒక్క పొదైనా సరిగా మొలవని నేల మీద ఒకప్పుడు అంత పెద్ద చెట్లు పెరిగాయి. ఆ చెట్లున్న జురాసిక్ కాలంలోనే మన గోదావరి–ప్రాణహిత లోయలో కోటా శిలాశ్రేణి ఏర్పడింది. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు, మీరు చూసే ఉంటారు. జైసల్మేర్ రాళ్ళలో కూడా రాక్షసబల్లి దొరికింది. 16.7 కోట్ల ఏళ్ళ నాటి ఆ జంతువుకు థార్ పేరు మీదుగానే థారోసారస్ ఇండికస్ అని 2023లో పేరు పెట్టారు. మీరు హనుమకొండ నుంచి బయలుదేరి అక్కడికి వెళ్ళడమంటే జురాసిక్ నేల ఒక అంచు నుంచి ఇంకో అంచుకు వెళ్ళడమే.

జాలీ సంగతి. లెన్స్ అంచును జాలీకి ఆనించి, రంధ్రం మధ్యకు గురి పెట్టి, ఎపర్చర్‌ను (లెన్స్‌లోకి వెలుగు వచ్చే ద్వారాన్ని) బాగా తెరిచి, మొద్దు వెనుక భాగం మీద ఫోకస్ పెడితే తీగలు కరిగిపోయి కనిపించవు. మిట్టమధ్యాహ్నం వెళ్ళకండి. రేకు నీడ, జాలీ గళ్ళ నీడ మొద్దు మీద పడి బెరడు గీతలను చెరిపేస్తాయి. పొద్దు వాలాక రేకు కింది నుంచి వెలుగు లోపలికి వస్తుంది, అప్పుడు బెరడు ముడతలు, కొమ్మ విరిగిన కణుపులు కూడా కనిపిస్తాయి. ఒకటి రెండు ఫోటోల్లో జాలీని కూడా కావాలనే ఉంచండి. శిలాజ ముక్కలు జేబులో వేసుకుని వెళ్ళేవాళ్ళు ఉండబట్టే ఆ జాలీలు అవసరమయ్యాయి. నేల మీద చిన్న ముక్కలు కనిపిస్తే అక్కడే ఉంచి తీయండి, దాని పక్కన నాణెం పెట్టి కొలత చూపించండి.

డిసెంబరుకు ముందు అభ్యాసం చేయాలనుకుంటే రేగొండ మండలంలోని పాండవుల గుట్టకు వెళ్ళండి. వరంగల్ చుట్టుపక్కల ఉన్నట్టు గ్రానైట్ కాదు, అక్కడ ఇసుకరాయి ఉంది. పొరలు, సందులు, కోసు అంచులు, ఆదిమానవుల రంగు బొమ్మలు అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. ఇసుకరాయి పొర మీద ఏటవాలు వెలుగు ఏ పూట ఎలా మారుతుందో అక్కడ చూసుకుంటే జోధ్‌పూర్‌లో మీకు వెతుకులాట తప్పుతుంది. బొమ్మల మీద ఫ్లాష్ వేయకండి, చేతితో తాకకండి.

ఏకశిల (హనుమకొండ):

తప్పకుండా వెళ్తాను సార్. బార్మేర్ తీసేసి జాలోర్ పెట్టుకున్నాను. పాండవుల గుట్టకు వచ్చే ఆదివారం పొద్దున్నే బయలుదేరుతున్నాను, ఇక్కడివాళ్ళు ఎవరైనా కలిసి రావాలనుకుంటే సందేశం పంపండి. లోపలి గుహల దారికి అటవీశాఖ సిబ్బందిని ముందుగా అడిగి ఉంచుతాను.